హైదరాబాద్‌లో చేతిలో ఒక్క రోజే ఉంటే: ఏం చూడాలి, ఏం వదిలేయాలి?

ఆస్పత్రి పని నిన్నటితో అయిపోయింది. తిరుగు రైలు రేపు ఉదయం. మధ్యలో ఒక్క రోజు మిగిలింది. లేదంటే వీసా ఇంటర్వ్యూ పదకొండింటికే ముగిసింది, బస్సేమో రాత్రి పదిన్నరకు. వెంట వచ్చిన అమ్మో, అత్తయ్యో ‘ఇంత దూరం వచ్చాం, చార్మినార్ చూపించవా?’ అని అడుగుతారు. హైదరాబాద్ చూడ్డానికని ప్రత్యేకంగా బయల్దేరే వారి కంటే, ఇలా ఏదో పని మీద వచ్చి ఊరు చూసి వెళ్లే వారే మన దగ్గర ఎక్కువ. పెద్దవారి విషయంలో అయితే, మళ్లీ ఎప్పుడు వస్తారో కూడా చెప్పలేం.

ఈ ఒక్క రోజును చాలామంది ఒకేలా పోగొట్టుకుంటారు. చార్మినార్, సాలార్‌జంగ్, గోల్కొండ, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్, జూపార్కు అని ఆరు పేర్లు రాసుకుని బయల్దేరతారు. సాయంత్రానికి రెండు చూసి, మూడో దాని గేటు దగ్గర ‘టైమ్ అయిపోయింది’ అన్న మాట విని వెనక్కి వస్తారు. చూసిన గంటల కంటే ఆటోలో కూర్చున్న గంటలే ఎక్కువగా తేలతాయి.

ఆ జాబితాను చిన్నది చేసుకోవడం ఎలాగో, ఉన్న రోజును ప్రజా రవాణాతో ఎలా సరిపెట్టుకోవచ్చో చూద్దాం.

ముందు క్యాలెండర్ చూడండి

అన్నిటికంటే ముందు చూడాల్సింది మ్యాప్ కాదు, వారం. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. చౌమహల్లా ప్యాలెస్‌కూ శుక్రవారమే సెలవు. మక్కా మసీదులో శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థనలు ఉంటాయి కాబట్టి ఆ సమయంలో చార్మినార్ చుట్టూ రద్దీ మామూలుగా ఉండదు. చార్మినార్, గోల్కొండ మాత్రం శుక్రవారం కూడా తెరిచే ఉంటాయి. నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు సోమవారం సెలవు.

ఇది రాస్తున్న నేను కూడా ఈ తప్పు చేశాను. కంటి పరీక్షకు తెనాలి నుంచి వచ్చిన మా పిన్నిని, ఊళ్లోనే ఉద్యోగం చేస్తున్నవాణ్ణి కదా అనే ధీమాతో, ఓ శుక్రవారం పొద్దున్నే పాతబస్తీకి తీసుకెళ్లాను. చూద్దామనుకున్న రెండు చోట్లా గేట్లకు తాళాలే. ‘నువ్వు పేపర్లో పనిచేస్తావు కదరా’ అని ఆమె ఒక్క మాటే అంది. వారం చూసుకోకపోవడం పూర్తిగా నా తప్పే. ఆ రోజు గోల్కొండకు వెళ్లి ఉంటే సరిపోయేది. అప్పటికప్పుడు నాకు తట్టలేదు.

మీ ఖాళీ రోజు శుక్రవారం అయితే గోల్కొండ, బిర్లా మందిర్, హుస్సేన్‌సాగర్ పెట్టుకోండి. మిగతా రోజుల్లో పాతబస్తీకి ప్రాధాన్యం ఇవ్వొచ్చు. జాతీయ సెలవులు, పెద్ద పండుగల రోజుల్లో మ్యూజియాలు మూసి ఉండొచ్చు కాబట్టి ముందే ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. వినాయక నిమజ్జనం జరిగే అనంత చతుర్దశి నాడు హుస్సేన్‌సాగర్ వైపు దారులు మళ్లిస్తారు, చార్మినార్ మీదుగా ఊరేగింపు వెళ్తుంది. ఊరేగింపు చూడాలనే వస్తే సరే, లేదంటే ఆ రోజు నగర సందర్శన పెట్టుకోకండి.

ఎక్కడ దిగారన్నదే సగం లెక్క

హైదరాబాద్ మెట్రోలో మూడు లైన్లు ఉన్నాయి. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్‌కు రెడ్ లైన్, నాగోలు నుంచి రాయదుర్గానికి బ్లూ లైన్, జేబీఎస్ పరేడ్ గ్రౌండ్స్ నుంచి ఎంజీబీఎస్‌కు గ్రీన్ లైన్. 2017 నవంబరులో మొదలైన మెట్రో, 2020 ఫిబ్రవరిలో గ్రీన్ లైన్ రావడంతో మొత్తం 69 కిలోమీటర్ల దాకా విస్తరించింది. లైన్ మారాలంటే అమీర్‌పేట, ఎంజీబీఎస్, పరేడ్ గ్రౌండ్స్ ఈ మూడే చోట్లు. వీటిని గుర్తుపెట్టుకుంటే చాలు. పొద్దున ఆరు గంటల నుంచి రాత్రి దాకా రైళ్లు తిరుగుతాయి. టికెట్ వాట్సాప్‌లో కూడా తీసుకోవచ్చు. కౌంటర్ దగ్గర నిలబడే పని తప్పుతుంది.

విజయవాడ, సూర్యాపేట, నల్గొండ వైపు నుంచి బస్సులో వచ్చేవారు ఎంజీబీఎస్ దాకా అందులోనే కూర్చోవాల్సిన పని లేదు. ఎల్బీ నగర్‌లో దిగితే అక్కడే రెడ్ లైన్ మొదలవుతుంది. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట ట్రాఫిక్‌లో నలగకుండా నేరుగా ఎంజీబీఎస్‌కు చేరతారు. వరంగల్ వైపు నుంచి వచ్చేవారికి ఉప్పల్‌లో బ్లూ లైన్ ఉంది. కరీంనగర్, నిజామాబాద్ బస్సులు ఆగే జేబీఎస్ పక్కనే గ్రీన్ లైన్ మొదటి స్టేషన్. సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌కు ఒకవైపు సికింద్రాబాద్ ఈస్ట్, మరోవైపు సికింద్రాబాద్ వెస్ట్ మెట్రో స్టేషన్లు ఉన్నాయి. ఎంజీబీఎస్ వెళ్లాలంటే వెస్ట్‌లో ఎక్కాలి. ఈస్ట్ బ్లూ లైన్‌ది. నాంపల్లి స్టేషన్‌కు రెడ్ లైన్ దగ్గర్లోనే ఉంది.

చర్లపల్లి సంగతి వేరు. 2025 జనవరిలో అక్కడ కొత్త టెర్మినల్ మొదలయ్యాక కొన్ని రైళ్లు అక్కడి నుంచే నడుస్తున్నాయి. అది నగరానికి తూర్పు అంచున ఉంది, మెట్రో లేదు. టికెట్ మీద ఏ స్టేషన్ పేరు ఉందో వచ్చేటప్పుడే కాదు, వెళ్లేటప్పుడు కూడా చూసుకోండి. సికింద్రాబాద్ అనుకుని అక్కడికి వెళ్లి నిలబడితే రైలు తప్పినట్టే.

ఇక అందరూ అడిగే ప్రశ్న: మెట్రోలో చార్మినార్ దాకా వెళ్లొచ్చా? వెళ్లలేం. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా వైపు అనుకున్న మార్గం మొదటి దశలో కట్టలేదు. ఎంజీబీఎస్‌లో దిగితే సాలార్‌జంగ్ మ్యూజియం మూసీకి అవతలి ఒడ్డునే ఉంటుంది, చార్మినార్ సుమారు రెండు కిలోమీటర్లు. ఆటో లేదా సిటీ బస్సు. ఆటో కూడా కట్టడం దాకా పోదు. చార్మినార్ చుట్టూ పాదచారుల మార్గం చేశారు కాబట్టి కొంత దూరంలో దిగి నడవాల్సిందే. మోకాళ్ల నొప్పులున్న వారిని తీసుకెళ్తుంటే ఈ నడకను ముందే లెక్కలో వేసుకోండి.

సంచులు ఎక్కడ పెట్టాలి?

చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ రోజును పాడుచేసేది ఎక్కువగా ఇదే. గది ఖాళీ చేసి రెండు సూట్‌కేసులతో మ్యూజియానికి వెళ్తే కుదరదు. పెద్ద రైల్వే స్టేషన్లలో క్లాక్‌రూమ్ ఉంటుంది. దానికి రైలు టికెట్, గుర్తింపు కార్డు చూపాలి. సంచికి తాళం ఉండాలి. తాళం వేయని సంచిని తీసుకోరు, ఆ తాళం కోసం స్టేషన్ బయట వెతుక్కోవడంలో అరగంట పోతుంది. ఇంటి దగ్గరే రెండు చిన్న తాళాలు సంచిలో వేసుకోండి. దిగిన లాడ్జిలో అడిగినా చాలాచోట్ల సాయంత్రం దాకా సంచి ఉంచుకుంటారు.

అమెరికా కాన్సులేట్‌లోకి ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులు అనుమతించరు. అక్కడికి వెళ్లేవారు ఫోన్‌ను వెంట వచ్చిన వారి దగ్గర ఉంచి, బయటికొచ్చాక ఎక్కడ కలవాలో ముందే నోటితో చెప్పుకోవాలి. తర్వాత ఆ కుటుంబం నానక్‌రామ్‌గూడ నుంచి పాతబస్తీకి పరుగెత్తడం కంటే గోల్కొండకు వెళ్లడం తెలివైన పని. రెండూ నగరానికి పడమటి వైపే ఉన్నాయి. నిమ్స్‌లో పని ఉన్నవారికి పంజాగుట్టలోనే రెడ్ లైన్ ఉంది. ఖైరతాబాద్, లక్డీకాపూల్, అసెంబ్లీ స్టేషన్లు వరసగా వస్తాయి. రిపోర్టుల కోసం మూడు నాలుగు గంటలు ఆగాల్సి వస్తే బిర్లా మందిర్ చూసి రావచ్చు.

పాతబస్తీకి పూట సరిపోతుందా?

నిదానంగా అయితే రోజంతా కావాలి. పూటలో చూడాలంటే ఒక వరస ఉంది: ముందు సాలార్‌జంగ్, తర్వాత చౌమహల్లా లేదా నేరుగా చార్మినార్, చివర లాడ్‌బజార్. ఈ వరసకు కారణం లేకపోలేదు. మ్యూజియం ఉదయం పదింటికి తెరుస్తారు, సాయంత్రం ఐదుకు మూస్తారు. చార్మినార్ పైకి వెళ్లే టికెట్ కౌంటర్ సాయంత్రం ఐదు, ఐదున్నర ప్రాంతంలో ఆగిపోతుంది. లాడ్‌బజార్ మాత్రం రాత్రి దాకా ఉంటుంది. ముందు గాజులు కొంటూ కూర్చుంటే మిగతావి పోతాయి. చివరికి గాజులు పెట్టుకుంటే ఏదీ పోదు.

సాలార్‌జంగ్‌లో దాదాపు 40 గ్యాలరీలు ఉన్నాయి. అన్నీ చూడాలని పెట్టుకోకండి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ సేకరించినవే ఇందులో ఎక్కువ. మ్యూజియం 1951లో మొదలై, 1968లో ఇప్పుడున్న భవనానికి మారింది. గంటన్నర ఉందనుకుంటే మూడు చూడండి. ముసుగు వేసుకున్న రెబెకా పాలరాతి శిల్పం ఒకటి. ఇటలీ శిల్పి బెంజోని చెక్కినది, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. రాతిలోనే ముసుగు పల్చగా, లోపలి ముఖం కనిపించేలా ఉంటుంది. రెండోది ఒకే చెక్క దుంగలో ముందువైపు మెఫిస్టోఫిలిస్, వెనకవైపు మార్గరెట్టా ఉన్న జంట శిల్పం. మూడోది గంటల గడియారం. ప్రతి గంటకూ లోపలి నుంచి చిన్న బొమ్మ వచ్చి గంట కొట్టి వెళ్తుంది. మధ్యాహ్నం పన్నెండుకు పన్నెండు సార్లు కొడుతుందని అప్పుడు జనం బాగా గుమిగూడతారు. వెనక నిలబడ్డ పిల్లలకు తలలు తప్ప ఏమీ కనబడవు. పదకొండింటికి చూడండి, కొట్టేది ఒక్కటే తక్కువ.

చార్మినార్‌ను 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. కేంద్ర పురావస్తు శాఖ చూసుకునే కట్టడం. ప్రవేశ రుసుము భారతీయులకు రూ.25, ఆన్‌లైన్‌లో తీసుకుంటే కొంత తక్కువ. గోల్కొండకూ ఇంతే. 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ ఉంటుంది, స్కాన్ చేసి కొనుక్కుంటే వరసలో నిలబడక్కర్లేదు. విదేశీయులకు రుసుము చాలా ఎక్కువ. అమెరికా, ఆస్ట్రేలియాల నుంచి సెలవులకు వచ్చిన కుటుంబాల్లో పిల్లలకు అక్కడి పాస్‌పోర్టు ఉంటుంది. వారికి ఓసీఐ కార్డు ఉంటే చారిత్రక కట్టడాల్లో భారతీయులతో సమానంగా తీసుకోవాలన్నది నిబంధన. కార్డు ఇంట్లో పెట్టి వస్తే మాత్రం కౌంటర్‌లో వాదించి లాభం ఉండదు.

పైకి వెళ్లే మెట్లు ఇరుకుగా, మెలికలుగా, ఒక్కో మెట్టు ఎత్తుగా ఉంటాయి. సందర్శకులను మొదటి అంతస్తు దాకానే అనుమతిస్తారు. తల తిరిగే వారు, గుండె జబ్బు ఉన్నవారు కింద నుంచి చూస్తేనే మేలు. నన్నడిగితే చార్మినార్ అందం కింద నిలబడి నాలుగు దారులనూ చూడడంలోనే ఉంది. పైకి ఎక్కలేదని బాధపడాల్సిన పని లేదు. పిల్లలు ఎక్కి వచ్చేలోగా పెద్దవారు పక్కనే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ తీసుకోవచ్చు.

చౌమహల్లా ప్యాలెస్ అక్కడికి కిలోమీటరు లోపే. ఆసఫ్‌జాహీల దర్బారు హాలు, షాండ్లియర్లు, పాత కార్లు ఉంటాయి. దీని టికెట్ వేరు, పురావస్తు శాఖ టికెట్ ఇక్కడ పనికిరాదు. టైమ్ చాలకపోతే సాలార్‌జంగ్, చౌమహల్లాల్లో ఒకటే పెట్టుకోండి. ఎండాకాలంలో సాలార్‌జంగ్, మిగతా కాలాల్లో చౌమహల్లా అన్నది నా ఓటు. రెండో దాంట్లో ఆరుబయట నడక ఎక్కువ.

గోల్కొండను మధ్యాహ్నానికి వదలకండి

అందరూ చేసే పొరపాటు పొద్దున చార్మినార్, సాయంత్రం గోల్కొండ. రెంటి మధ్య దూరం పదకొండు కిలోమీటర్లే గానీ, మెహిదీపట్నం మీదుగా వెళ్లడానికి గంట పడుతుంది. నాలుగున్నరకు కోట దగ్గర దిగితే పైదాకా ఎక్కే టైమే ఉండదు. రెండూ ఒకే రోజు చూడాలనుకుంటే తిరగేయండి. తొమ్మిదింటికి గేటు తెరిచేసరికి గోల్కొండలో ఉండాలి. ఎండ ముదరకముందే ఎక్కి దిగి, పదకొండున్నరకు బయటపడితే, ఒంటిగంటకు పాతబస్తీలో భోజనం చేయొచ్చు.

ప్రవేశద్వారం దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్ దగ్గర వినిపిస్తుంది. ఇది పిల్లలకు ఎప్పటికీ గుర్తుండిపోతుంది. ఇద్దరు పైకి వెళ్లి, ఇద్దరు కింద ఉండి చప్పట్లు కొడితే బాగుంటుంది. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించి గానీ ఈ కోటను పట్టుకోలేకపోయాడు. భద్రాచల రామదాసుగా మనకు తెలిసిన కంచర్ల గోపన్నను బంధించినట్టు చెప్పే చెరసాల ఈ కోటలోనే ఉంది. పెద్దవారిలో చాలామంది గోల్కొండకు వచ్చేది ఆ గది చూడ్డానికే. పైకి మూడు వందలకు మించి మెట్లున్నాయి. నీళ్ల సీసా కింద నుంచే తీసుకెళ్లాలి. ఎక్కలేనివారు కింది భాగంలోని కమానులు, రాణుల మహళ్లు చూసి నీడలో కూర్చోవచ్చు. గైడ్‌ను మాట్లాడుకుంటే గుర్తింపు కార్డు చూసి, ఎంత, ఎంతసేపు అన్నది ముందే తేల్చుకోండి.

సాయంత్రం ధ్వని-కాంతి ప్రదర్శన బాగుంటుంది. కానీ ఏ రోజు ఏ భాషలో అన్నది మారుతుంది. తెలుగు ఆట ఎప్పుడో కనుక్కోకుండా పెద్దవారిని తీసుకెళ్తే వారు గంటసేపు దీపాలు చూసి వస్తారు.

జేబు సంగతి

సిటీ బస్సుల్లో ఎన్నిసార్లైనా ఎక్కి దిగేందుకు టీ-24 అనే రోజు టికెట్ ఉంది. కండక్టర్ దగ్గరే దొరుకుతుంది. ఇరవై నాలుగు గంటలు చెల్లుతుంది. రెండు చోట్లకు మించి బస్సులో తిరిగేవారికే ఇది గిట్టుబాటు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపితే కండక్టర్ జీరో టికెట్ ఇస్తారు. ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చినవారికి ఇది వర్తించదు. అక్కడ 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం ఆ రాష్ట్రంలోనే పనిచేస్తుంది. ‘ఆధార్ ఉంది కదా’ అని బస్సులో గొడవపడే వారు కనిపిస్తుంటారు. కండక్టర్ చూసేది ఆధార్ మీద ఉన్న చిరునామాను. టికెట్ తీసుకోండి. మెట్రోలో మాత్రం ఎవరికీ ఉచితం లేదు.

పర్యాటక శాఖ బస్సులో ఒకరోజు నగర యాత్ర కూడా ఉంది. దారి తెలియని వారికి, భాష రాని బంధువులకు పనికొస్తుంది. కానీ ఎక్కడ ఎంతసేపు ఆగాలో నిర్ణయించేది మీరు కాదు. ప్రవేశ టికెట్లు అందులో కలిసి ఉన్నాయో లేదో, శుక్రవారం అయితే మూసి ఉన్న వాటి బదులు ఏం చూపిస్తారో బుక్ చేసేముందే అడగండి.

వదిలేయాల్సినవి

రామోజీ ఫిల్మ్ సిటీకి నగరం దాటి చాలా దూరం వెళ్లాలి. దానికి రోజంతా కావాలి, టికెట్ కూడా ఎక్కువే. ‘మధ్యాహ్నం ఫిల్మ్ సిటీ’ అనే ఆలోచన మానుకోండి. జూపార్కు మంచిదే గానీ అదీ పూట పనే. చిన్నపిల్లలు ఉంటే మిగతావన్నీ మానేసి అదొక్కటే పెట్టుకోవచ్చు, పిల్లలు ఏమీ అనుకోరు. కొత్త షాపింగ్ మాళ్లు మీ ఊళ్లోనూ వస్తాయి.

సాయంత్రం ఓపిక మిగిలితే హుస్సేన్‌సాగర్. నీళ్ల మధ్య నిలబడ్డ ఏకశిలా బుద్ధ విగ్రహాన్ని తరలిస్తుండగా 1990లో పడవ మునిగి పలువురు చనిపోయారు. విగ్రహం రెండేళ్లకు పైగా నీటి అడుగునే ఉండి, 1992 డిసెంబరు 1న పీఠం ఎక్కింది. లుంబినీ పార్కు దగ్గర పడవ టికెట్ ఇస్తారు. పక్కనే ఉన్న కొండ మీద బిర్లా మందిర్‌లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, కింద కౌంటర్‌లో ఇచ్చి వెళ్లాలి. మధ్యాహ్నం కొన్ని గంటలు గుడి మూస్తారు కాబట్టి సాయంత్రమే నయం. అసెంబ్లీ లేదా లక్డీకాపూల్ మెట్రోలో దిగి వెళ్లొచ్చు.

తిరుగు ప్రయాణం

రాత్రి ఎనిమిదింటికి సికింద్రాబాద్‌లో రైలుంటే, ఆరింటికల్లా చార్మినార్ నుంచి కదలండి. పాతబస్తీ నుంచి ఎంజీబీఎస్ రెండు కిలోమీటర్లే గానీ, సాయంత్రం మదీనా, అఫ్జల్‌గంజ్ దాటడానికి పొద్దున పట్టిన టైమ్‌కు రెట్టింపు పట్టొచ్చు. ఎంజీబీఎస్ చేరాక గ్రీన్ లైన్‌లో సికింద్రాబాద్ వెస్ట్‌కు ఇరవై నిమిషాలు చాలు. క్లాక్‌రూమ్‌లో సంచులు తీసుకోవడానికి అరగంట ఉంచుకోండి. చర్లపల్లిలో రైలుంటే ఇంకో గంట ముందే బయల్దేరాలి.

మా పిన్ని రెండోసారి వచ్చినప్పుడు ఆదివారం చూసి తీసుకెళ్లాను. పదకొండింటి గంట విన్నది. సాయంత్రం లాడ్‌బజార్‌లో కోడళ్లకు లక్క గాజులు బేరమాడుతూ ఆరున్నర చేసింది. రైలు దొరికింది, కానీ ప్లాట్‌ఫామ్ మీద ఇద్దరం పరుగెత్తాం.